నాలుగో వైపు కుర్చీ

స్టూడియోకి అందరికంటే ముందు వచ్చేది గోడలమ్మ. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఇంకెవరికీ దానితో పని పడలేదు. సినిమాలకి ఇళ్ళు కట్టడం ఆవిడ వృత్తి. ప్లైవుడ్ గోడలు, అట్టతో చేసిన స్తంభాలు, రంగేసిన థర్మోకోల్ రాళ్ళు, కిటికీ అవతల గుడ్డమీద గీసిన ఆకాశం, ఇదీ ఆవిడ సంసారం. జుట్టు నల్లగా ఉన్న రోజుల నుంచీ గోడలు నిలబెడుతోంది కాబట్టి గోడలమ్మ అయింది. మొదట్లో చాటున అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అనడం మొదలెట్టారు, ఆవిడా పలకడం మొదలెట్టింది.

పొద్దున్నే వాచ్‌మన్ చేత తాళం తీయించుకుని ఒక్కతే లోపలికి వెళ్తుంది. ఫ్లోరంతా చీకటి, పైన ఒకే ఒక్క బల్బు. సెట్‌లో ఉన్న ప్రతి కుర్చీలోనూ కాసేపు కూర్చుంటుంది. ప్రతి సొరుగూ లాగి మూస్తుంది. మంచం ఉంటే పడుకుని పైకి చూస్తుంది. పైన కప్పు బదులు లైట్లు వేలాడే ఇనుప కమ్మీలే ఉన్నా సరే, చూస్తుంది. అన్నీ అయ్యాక ఆఖరికి కుళాయి తిప్పుతుంది.

ఆవిడ కట్టిన ప్రతి ఇంట్లోనూ ఒక కుళాయి ఉంటుంది. కోర్టు సీనైనా సరే, వరండాలో ఓ మూల ఒకటి బిగించాల్సిందే. దాని వెనక పైపు ఉండదు, పైన ట్యాంకు ఉండదు. చెక్కకి మేకులతో కొట్టిన ఉత్త కుళాయి. గది కుదిరితే అందులోంచి నీళ్ళొస్తాయి, కుదరకపోతే రావు. ఎలా వస్తాయని ఎవరూ అడగలేదు. నీళ్ళు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు గానీ, వస్తుంటే ఎందుకొస్తున్నాయని అడిగేవాడెవడు? ప్రొడక్షన్ మేనేజర్ కింద ఒక బకెట్ పెట్టించేవాడు, అంతే. డైరెక్టర్లు కారు దిగుతూనే "నీళ్ళొచ్చాయా?" అనేవాళ్ళు. వచ్చాయంటే షూటింగ్ మొదలు. రాలేదంటే పేకముక్కలు బయటికి తీసేవాళ్ళు.

సినిమాని బట్టి నీళ్ళు. దయ్యాల సినిమాకి ఇల్లు కట్టినప్పుడు ఆవిడ కప్పు వేయించి మరీ ఒక చివర జానెడు కిందికి దించింది. చూసేవాళ్ళకి తెలీదు గానీ, ఆ చివరికి నడిచే మనిషి తెలియకుండానే తల వంచుతాడు. గడియలన్నీ తలుపులకి బయటివైపు పెట్టించింది. ఆ ఇంటి కుళాయిలో చేతులు కొంకర్లు పోయేంత చల్లటి నీళ్ళొచ్చాయి, తాగితే నాలుక మీద ఇనుము రుచి. హీరోయిన్ వాటితో మొహం కడుక్కుని, మేకప్ అక్కర్లేకుండానే రోజంతా పాలిపోయి ఉంది. హాస్యం సినిమా ఇంటికి అవసరానికి మించిన తలుపులు, అవీ ఎదురుబొదురుగా. ఒకడు ఇందులోంచి పారిపోతుంటే ఇంకొకడు అందులోంచి దూరాలి కదా! అక్కడ నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ అంతుబట్టేది కాదు, నిర్మాత దగ్గరికొచ్చి నిలబడితే మాత్రం ఠంచనుగా మీదికి చిమ్మేవి. ప్రేమ సినిమాకి వంటగదిని కావాలని ఇరుకు చేసింది, ఇద్దరు పక్కపక్కన నిలబడితే మోచేతులు తగలక తప్పకుండా. గోరువెచ్చటి నీళ్ళొచ్చాయి. హత్య సినిమాకి గదంతా దుమ్ము పట్టించి, గోడమీద ఒక పటమంత మేర మాత్రం శుభ్రంగా వదిలేసింది. ఆ కుళాయి తుప్పునీళ్ళు కక్కింది. ఎవరైనా ఏదైనా ప్రశ్న వేస్తే చాలు, ఠక్కున ఆగిపోయేది.

"ఎలా కుదురుతుందమ్మా నీకు?" అని కెమెరామన్ ఒకసారి అడిగాడు. ఆవిడతో పాటే ముసలివాడైన మనిషి కాబట్టి ఆ చనువుంది.

"ఇంటికొచ్చినవాడు తాళంచెవి ఎక్కడ పెడతాడో ముందు అది తెలుసుకుంటాను," అంది గోడలమ్మ. "అది తెలిస్తే ఇల్లు తెలిసినట్టే."

"మరి దయ్యానికి తాళంచెవెక్కడిది?"

"లేదు కాబట్టే అది బయటికి పోలేకపోయింది."

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గోడలమ్మ రచ్చ గెలిచింది.

ఆవిడ ఉండేది మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో. హాల్లో భోజనాల బల్ల. బల్లకి మూడు వైపులా మూడు కుర్చీలు. నాలుగో వైపు, అంటే కిటికీ వైపు, ఖాళీ. సినిమాల్లో బల్లలన్నీ అలాగే ఉంటాయి. ఎంత పెద్ద కుటుంబమైనా, చుట్టాలంతా దిగినా, భోజనానికి కూర్చుంటే మూడు వైపులే సర్దుకుంటారు, కావాలంటే ఈసారి చూడండి. నాలుగో వైపు కెమెరా ఉంటుంది. అక్కడ ఎవరైనా కూర్చుంటే ప్రేక్షకుడికి వీపు తప్ప ఇంకేమీ కనపడదు. ఆ అలవాటు గోడలమ్మ వెంట ఇంటిదాకా వచ్చేసింది. సోఫా మొహం కిటికీకేసి, బీరువా మొహం కిటికీకేసి, తను ఎక్కడ కూర్చున్నా తన మొహమూ కిటికీకేసి. ఇల్లు చూడ్డానికి ఫోటోలా ఉండేది. ఉండటానికి ఎలా ఉండేదో అడగాలంటే అందులో ఉన్న మనిషి ఆవిడొక్కతే.

కొన్నేళ్ళ క్రితం వరకూ ఇంకో మనిషి ఉండేవాడు. ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన కాళ్ళ దగ్గర అమర్చిన రెండో బ్రేకు మీద పాదం పెట్టుకుని, రోజంతా ఊరు తిరగడం ఆయన ఉద్యోగం. దాంతో ఇంట్లో కూడా ఎవరైనా గబగబా మాట్లాడితే ఆయన కుడిపాదం నేలని నొక్కేది. బ్రేకు మాస్టారు అనేవాళ్ళు అందరూ. మంచి మాటకారి. రివర్సులో కూరగాయల కొట్లోకి వెళ్ళినవాళ్ళ గురించి, హారన్ కొట్టాలంటే సిగ్గుపడేవాళ్ళ గురించి సాయంత్రాలు చెప్పి, ఎదుటివాళ్ళు నవ్వేలోపు తనే నవ్వేసేవాడు.

ఆయన వెళ్ళిపోయినప్పుడు పోట్లాట జరగలేదు. ఒక పెట్టె, ఒక దిండు పట్టుకుని, స్కూలు పైనున్న గదిలో కొన్నాళ్ళు ఉంటానన్నాడు. ఆ కొన్నాళ్ళు ఇంకా పూర్తికాలేదు. ఆడపడుచు వెళ్ళి గట్టిగా అడిగితే, "అక్కడ నాకు కూర్చోవడానికి చోటు లేదక్కా," అన్నాడట. ఆ మాట విని గోడలమ్మకి ఒళ్ళు మండింది. మూడు కుర్చీలు, ఒక సోఫా, ఉండేది ఇద్దరు. చోటు లేదట చోటు!

కోపం ఎన్నాళ్ళుంటుంది? పోయింది. పోయాక ఇల్లు ఇంకా ఖాళీ అయింది. ఆవిడ ఒక్కో పూట ఒక్కో కుర్చీలో కూర్చుని తినేది, ఏదీ అలగకుండా. తలుపు పక్కన ఆయన తాళంచెవి తగిలించుకునే మేకు ఉండేది. పీకేద్దామని ఒకసారి సుత్తి తెచ్చి, మళ్ళీ తీసుకెళ్ళి పెట్టేసింది. ఆయన వెళ్ళిన వారంలోనే హాల్లో వాష్‌బేసిన్ కుళాయి ఆగిపోయింది. ప్లంబర్ వచ్చి అంతా విప్పి చూసి, "పైపు శుభ్రంగా ఉందమ్మా. నీళ్ళు రావట్లేదంతే," అని చెప్పి, మళ్ళీ బిగించి పోయాడు. వంటింట్లో వస్తున్నాయి కదా అని ఆవిడ దాని జోలికి పోలేదు.

ఒక సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది.

"ఏమోయ్, నేనే."

"చెప్పండి."

"బాగున్నావా?"

"బాగానే ఉన్నాను. మీరు?"

"నాకేం, బాగానే ఉన్నాను," అన్నాడు. "గది ఖాళీ చేసేస్తున్నా. మా స్నేహితుడు వాళ్ళ ఊళ్ళో స్కూలు పెట్టాడు, వచ్చెయ్యమంటున్నాడు. అక్కడ రోడ్లన్నీ ఖాళీయేనట. బ్రేకుతో పని తక్కువట."

ఇంకెప్పుడైనా అయితే ఆవిడ నవ్వేది. "ఎప్పుడు వెళ్ళడం?"

"ఆదివారం సాయంత్రం రైలు. మన... ఆ ఇంటి తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది. మధ్యాహ్నం వచ్చి ఇచ్చేసి పోతాను."

మన అనబోయి ఆ ఇంటి అన్నాడు. అది ఆవిడకి వినపడింది. వెళ్ళొద్దని చెప్పాలనుంది. ఆ ఒక్క మాట గొంతుదాకా వచ్చి నిలబడింది. ఎందుకు వెళ్ళిపోయాడో తెలిస్తే కదా, వెళ్ళొద్దని అనడానికి! "సరే," అంది.

ఫోన్ పెట్టేశాక, "వెళ్ళకండి," అని గోడకి చెప్పింది. అది ఇటుక గోడ. ఆవిడ కట్టింది కాదు, ఆవిడ మాట వినాల్సిన అవసరం దానికి లేదు.

ఆ వారమే కొత్త సినిమా షూటింగ్. సెట్ పని అంతకుముందే మొదలైంది. డైరెక్టర్ కొత్తవాడు, కళ్ళజోడు, నెమ్మదైన మనిషి. "ఇందులో దయ్యాలు లేవు మేడమ్, హత్యలూ లేవు," అన్నాడు. "ఒక ముసలి జంట. రోజూ భోజనం చేస్తారు. మనం చూపించే పూట కూడా చేస్తారు."

"అంతేనా?"

"అంతే మేడమ్. మామూలు ఇల్లు."

దయ్యం చేత ఔననిపించినదాన్ని, మామూలు ఇల్లెంత అనుకుంది గోడలమ్మ. తలుపు పిడి చుట్టూ ఏళ్ళ తరబడి చేతులు తగిలి రంగు పోయినట్టు గీకించింది. ముసలాయన తల ఆనించి కూర్చునే చోట గోడమీద నూనె మరక పెట్టింది. రెండు గ్లాసులు, ఒకటి చిన్నది, ఒకటి పెద్దది, ఎందుకంటే ఇన్నేళ్ళలో జతలో ఒకటి పగిలే ఉంటుంది. తలుపు పక్కన తాళంచెవికి ఒక మేకు. మధ్యలో భోజనాల బల్ల, మూడు వైపులా మూడు కుర్చీలు. ఇద్దరికి మూడెందుకంటే, మూడోదాని మీద పాత న్యూస్‌పేపర్లు పడుంటాయి. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇంతకంటే మామూలు ఇల్లు భూమ్మీద ఉండదన్నారు.

మంగళవారం పొద్దున కుళాయి తిప్పింది. రాలేదు.

కర్టెన్లు ఉతికించి వెలిసిపోయినట్టు చేయించింది. గోడల రంగు ఒక చాయ తగ్గించింది. కుర్చీలు ఒకదానికొకటి దగ్గరికి జరిపింది, మళ్ళీ దూరం జరిపింది. బుధవారం పొద్దున తిప్పింది. కుళాయి ఒక్కసారి గురకపెట్టి ఊరుకుంది. కానీ బల్లకి నాలుగో వైపు, కెమెరా ఉండాల్సిన వైపు, ఒక కుర్చీ ఉంది.

పాతది, తేలికైన చెక్కది, వీపు దగ్గర రెండే పట్టీలు. "మేస్త్రీ, మూడే కదా చెప్పాను?" అంది.

వడ్రంగి మేస్త్రీ వచ్చి కుర్చీని అటూ ఇటూ ఊపి చూశాడు. అది కిర్రుమంది. "నా చేతిపని కాదమ్మగారూ. నా కుర్చీలు ఇలా నోరు చేసుకోవు."

కెమెరామన్ తన చోట నిలబడి కన్ను పెట్టి చూసి, "అడ్డం!" అని అరిచాడు.

సెట్‌లో రోజు మొత్తం మీద ఎక్కువసార్లు వినపడే మాట అదే. కెమెరాకి ముందు స్టూలున్నా, టీ తెచ్చినవాడున్నా, నిర్మాత బావమరిదే ఉన్నా, అడ్డం అంటే తప్పుకోవాల్సిందే. కోపంతో అనే మాట కాదు, ఎవరూ నొచ్చుకోరు. ఇద్దరు వచ్చి కుర్చీని తీసుకెళ్ళి స్టోర్‌రూమ్‌లో పడేశారు.

గురువారం పొద్దున అది మళ్ళీ అక్కడే ఉంది. మళ్ళీ తీసుకెళ్ళారు. శుక్రవారం స్టోర్‌రూమ్‌కి తాళం వేశారు, అయినా వచ్చింది. "తలుపు విరగ్గొట్టలేదు, అది నయం," అన్నాడు స్టోర్ చూసుకునేవాడు. ఎవరికీ అదొక వింతగా తోచలేదు. ఒక్కో గదికి ఒక్కో మొండితనం ఉంటుంది, దయ్యాల ఇల్లు రోజూ ఒక దిండు మింగేది కాదూ! మేనేజర్ మాత్రం గోడలమ్మని పక్కకి పిలిచి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. "అమ్మా, శనివారం చూస్తాం. రాకపోతే ఎవరిదైనా నిజం ఇల్లే అద్దెకి తీసుకుందాం. మీరు మనసులో పెట్టుకోకండి."

నిజం ఇల్లు అన్న మాట ఆవిడకి చెప్పులో రాయిలా తగిలింది. కానీ నిజం చెప్పాలంటే ఆ వారం ఆవిడ మనసు సెట్ మీద సగమే ఉంది. మిగతా సగం ఆదివారం మధ్యాహ్నం మీద ఉంది. రంగు కలుపుతూ కలుపుతూ, తాళంచెవి తీసుకునేటప్పుడు ఏమనాలి అని ఆలోచించేది. థాంక్సంటే బాగుంటుందా? కట్టుకున్న మొగుడికి థాంక్సేమిటి? సాయంత్రాలు ఇంటికెళ్ళి మూడు కుర్చీల బల్ల ముందు కూర్చుంటే, స్టూడియోలో వదిలొచ్చిన గదిలోనే మళ్ళీ కూర్చున్నట్టుండేది.

శనివారం పొద్దున మామూలుగానే అందరికంటే ముందు వచ్చింది. ఒక్క బల్బు. ఒక్కో కుర్చీలో కూర్చుంది. సొరుగులు లాగి మూసింది. కుళాయి తిప్పింది, లేదు. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగితే, నాలుగో వైపు కుర్చీ తనకేసే చూస్తున్నట్టనిపించింది. ఇన్ని రోజులూ దాన్ని మోయించింది, తిట్టింది, తాళం వేయించింది గానీ, అందులో కూర్చోలేదు. అది సీన్‌లోది కాదు కాబట్టి ఆ ఆలోచనే రాలేదు.

వెళ్ళి కూర్చుంది. వీపు వెనక ఖాళీ ఫ్లోరు, కెమెరా నిలబడే చీకటి. ఎదురుగా మిగతా మూడు కుర్చీలు. ఇన్నేళ్ళలో తను కట్టిన గదిని అటు నుంచి ఎప్పుడూ చూడలేదు. అటు నుంచి చూస్తే అది బొమ్మలా లేదు. ఎదురు కుర్చీలో ఒక మనిషి కూర్చుంటే ఆ మనిషి కళ్ళు సూటిగా కనపడేంత దగ్గరగా ఉంది. కూర్చున్నచోట చెక్క వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు.

కాళ్ళు చాపుకుంటే కుడిపాదం కింద నేల కొంచెం గుంటగా తగిలింది. వంగి చూసింది. నిన్న సాయంత్రమే రంగేయించిన నేల. కుర్చీకి ముందు, కుడివైపు, పాదమంత మేర రంగు అరిగిపోయి చెక్క బయటపడింది. ఏళ్ళ తరబడి ఒకే మనిషి, ఒకే పాదంతో, నొక్కి నొక్కి అరగదీసిన చోటు.

ఆ పాదం ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పాలా?

అప్పుడు గుర్తొచ్చింది. ఇంట్లో సాయంత్రాలు ఆవిడ బల్లమీద కాగితాలు పరుచుకుని గదుల బొమ్మలు గీసుకునేది. ఆయన స్కూలు నుంచి వచ్చి, తాళంచెవి మేకుకి తగిలించి, చేతులు కడుక్కుని, పక్కనున్న కుర్చీని ఎత్తి కిటికీ వైపు వేసుకుని ఆవిడకి ఎదురుగా కూర్చునేవాడు. కథ చెప్పేటప్పుడు ఎదుటిమనిషి మొహం కనపడాలి ఆయనకి. "ఏమోయ్, ఇవాళ ఏమైందో తెలుసా," అని మొదలెట్టేవాడు. ఆవిడ పెన్సిల్ ఆపకుండా, తలెత్తకుండా, "అడ్డం," అనేది. అంతే. ఆయన లేచి కుర్చీ మళ్ళీ పక్కన పెట్టేవాడు. మర్నాడు మళ్ళీ వేసుకునేవాడు. "అడ్డమండీ." కొన్నాళ్ళకి కుర్చీ జరపడం మానేసి గోడ పక్కన నిలబడి చెప్పేవాడు. ఇంకొన్నాళ్ళకి కంచం పట్టుకుని వంటింట్లో నిలబడి తినేవాడు. తర్వాత బయట తినొచ్చేవాడు. ఆ తర్వాత పెట్టె, దిండు.

కోపంగా అనలేదు ఆవిడ. సెట్‌లో రోజంతా అనే మాట, నోటికి అలవాటైపోయి అంది. ఎవరూ నొచ్చుకోని మాట కదా అనుకుంది. అక్కడ కెమెరా ఉంటుంది. ఇంట్లో ఏముంది? ఆ కుర్చీలో కూర్చుని గోడలమ్మ ఏడ్చింది. తలుపు దగ్గరున్న వాచ్‌మన్ ఇంకోవైపు తిరిగి నిలబడ్డాడు.

కెమెరామన్ వచ్చేసరికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, కుర్చీ పక్కనే, దాని మీద చెయ్యి వేసి నిలబడి ఉంది.

"ఇది తియ్యడానికి వీల్లేదు," అంది.

"అడ్డమమ్మా! ముసలాయన్ని ఇందులో కూర్చోబెడితే నాకు కనపడేదేంటి, బట్టతలా?"

"అదే చూపించు."

"లక్షలు పోసి తెచ్చిన ఆర్టిస్టు వీపు చూపిస్తే జనం డబ్బులు వెనక్కిమ్మంటారు."

"ఆయన మొహం చూడాల్సింది జనం కాదు. ఎదురుగా కూర్చున్న పెళ్ళాం. ఆవిడకి కనపడుతోందని ఆవిడ మొహంలో మనకి తెలిస్తే చాలు."

కెమెరామన్ తల గోక్కున్నాడు. డైరెక్టర్ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "మేడమ్ చెప్పినట్టే చేద్దాం," అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే గోడకున్న కుళాయి దగ్గి, బకెట్‌లోకి ధార కట్టింది.

గోడలమ్మ గ్లాసు పట్టి తాగింది. చల్లగా లేవు, వెచ్చగా లేవు, తుప్పు లేదు, ఏ రుచీ లేదు. దాహం తీరింది. ఇన్ని సినిమాల్లో ఆవిడ కుళాయిలో మామూలు నీళ్ళు రావడం అదే మొదటిసారి.

సీన్ మధ్యాహ్నానికల్లా అయిపోయింది. సాయంత్రం సెట్ విప్పుతుంటే ఆవిడ మేనేజర్ దగ్గరికెళ్ళి, ఆ కుర్చీ నాకిస్తారా అని అడిగింది. నోరు తెరిచి ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. "మన సామాన్లలో అలాంటిది లేదుగా అమ్మా, తీసుకోండి," అన్నాడు మేనేజర్. తీరా వెళ్ళి చూస్తే కుర్చీ లేదు. స్టోర్‌లో లేదు, లారీలో లేదు. మేస్త్రీ కూడా చూడలేదన్నాడు. గోడలమ్మ ఉత్త చేతులతో ఇంటికెళ్ళి, ఎక్కువ తినకుండానే పడుకుంది.

ఆదివారం పొద్దున లేచేసరికి కుర్చీ బల్లకి నాలుగో వైపు, కిటికీకి వీపు పెట్టి, నిమ్మకు నీరెత్తినట్టు ఉంది.

మధ్యాహ్నం బెల్లు మోగింది. చేతిలో తాళంచెవి ఉండి కూడా ఆయన బెల్లు కొట్టాడు. తలుపు తీస్తే జుట్టు బాగా నెరిసిన మనిషి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరాయింటికి వచ్చినట్టు నవ్వాడు.

"రండి," అంది.

వచ్చి గోడ పక్కన నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఎక్కడ నిలబడితే అడ్డం కాదో ఆయనకి బాగా తెలుసు.

"ఆఖరి బ్యాచ్‌లో ఒకావిడ," అని మొదలెట్టాడు, ఊరుకోవడం చేతకాక. "బ్రేకెక్కడుందమ్మా అంటే నా కాలు చూపించింది." నవ్వాడు. ఆవిడ కూడా నవ్వింది, ఆయన నవ్వడం అయిపోయాక ఒక క్షణం ఆలస్యంగా. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి, చెయ్యి చాచి, బల్ల చివర పెట్టాడు. అప్పుడు చూశాడు.

"ఇదేంటి, కొత్త కుర్చీయా?"

"పొద్దున లేచేసరికి ఉంది."

"ఓహో," అన్నాడు. "గట్టిగానే ఉన్నట్టుంది."

"భోజనం చేసి వెళ్ళండి."

"లేదోయ్, రైలు..."

"సాయంత్రం కదా రైలు."

ఆయన పక్కనున్న కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"అది కాదు. ఇందులో కూర్చోండి."

ఆయన కిటికీకేసి చూశాడు, కుర్చీకేసి చూశాడు. "ఇక్కడా?" అన్నాడు. "అడ్డమేమో?" పరాచికంలాగే అన్నాడు గానీ, కళ్ళల్లో పరాచికం లేదు.

గోడలమ్మ బల్ల అంచు పట్టుకుంది. "దేనికి అడ్డం? అక్కడ ఏమీ లేదు. ఎప్పుడూ ఏమీ లేదండీ, నేనే ఉందనుకున్నాను." గొంతులో నిలబడ్డ మాట ఇంక ఆగలేదు. "మీరక్కడ కూర్చుంటే నాకు మీ మొహం కనపడుతుంది. నాకంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. వెళ్ళకండి."

గబగబా అనేసింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు, అది కిర్రుమంది. ఆయన కుడిపాదం నేలని గట్టిగా నొక్కింది, చాలా వేగంగా పోతున్న బండిని ఆపుతున్నట్టు. అలాగే నొక్కిపట్టి ఉంచాడు. బయట ఎవరో పిల్లలు సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ చప్పుడు దూరమయ్యాక పాదం మెల్లగా వదిలాడు.

"ఏం చేశావు భోజనానికి?" అన్నాడు.

"ఏదో, ఉన్నదే."

"చేతులు కడుక్కొస్తాను." పాత అలవాటు కొద్దీ లేచి హాల్లో వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్ళాడు. అందులో రావట్లేదండీ అని చెప్పడానికి ఆవిడ నోరు తెరిచింది. ఆయన కుళాయి తిప్పాడు. నీళ్ళొచ్చాయి. ఆగిపోయిన సంగతే తెలియని మనిషి, సబ్బు రుద్దుకుని, తీరిగ్గా మోచేతుల దాకా కడుక్కున్నాడు.

తడిచేతులతో తిరిగొచ్చేసరికి ఆవిడ కంచాలు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన బల్లకేసి చూశాడు.

"ఇదిక్కడ అడ్డం," అని తాళంచెవి తీసి, తలుపు పక్కన మేకుకి తగిలించి వచ్చాడు.